నూకలో దాచిన ఆకుపచ్చలు

మా మేనత్త పోయిందని మావయ్యగారు ఫోన్ చేసినప్పుడు నేను అమలాపురంలో, మా స్కూలు స్టాఫ్ రూములో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. "అమ్మాయ్, మీ అత్తయ్య ఇంక లేదమ్మా," అన్నారు. గొంతు మామూలుగానే ఉంది. పొద్దున్న కాఫీ తాగి, పెరట్లో కాసేపు తిరిగి, ఆయాసంగా ఉందని మంచం మీద వాలిందట. డాక్టరుగారు వచ్చేసరికే అయిపోయింది. "కంగారుపడి బయల్దేరకు. నెమ్మదిగా రా," అన్నారు. ఆయన అంత నెమ్మదిగా అన్నందుకే నాకు కంగారు పుట్టింది. రాజోలు బస్సు ఎక్కి కూర్చున్నాక గానీ చేతిలో ఎర్ర పెన్ను ఇంకా ఉందని చూసుకోలేదు.

మీలో చాలామందికి మా అత్తయ్య తెలిసి ఉండదు. బాలికల హైస్కూల్లో డ్రాయింగు టీచరుగా చేసి రిటైరైంది. ఇల్లు రాజోలు అవతల, ఏటిగట్టుకీ గోదావరికీ మధ్యనున్న లంకలో. ఇంటి చుట్టూ కొబ్బరితోట, దాని వెనక అరటి, ఆ వెనక గోదావరి. అక్కడ కూర్చుని జీవితమంతా బొమ్మలు వేసింది. పేస్టల్ రంగులు తప్ప ఇంకోటి ముట్టుకోలేదు.

పేస్టల్ అంటే సుద్దముక్కలా ఉండే రంగుకడ్డీ. కాగితం మీద ఒత్తితే పొడి అంటుకుంటుంది, వేలితో సర్దుకోవాలి. నీళ్ళు తగిలితే కరిగి బురదైపోతుంది. "నీటిరంగైతే పళ్ళెంలో కలుపుకోవచ్చే. దీనికా వెసులుబాటు లేదు. ఏ రంగు కావాలో ఆ కడ్డీ చేతిలో ఉండాల్సిందే," అనేది అత్తయ్య. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో రాజమండ్రిలో మొదటి పెట్టె కొనుక్కుందట. ఇంటికొచ్చి మూత తీసి చూస్తే అందులో ఆకుపచ్చలు రెండే ఉన్నాయి. "రెండు! మన పెరట్లో ఒక్క అరటిచెట్టుకే చాలవు కదే!" అని నవ్వేది, అది చెప్పినప్పుడల్లా.

అప్పట్నుంచీ ఆకుపచ్చల వేట మొదలైంది. ఊళ్ళోవాళ్ళెవరు హైదరాబాదు వెళ్ళినా, మద్రాసు వెళ్ళినా ఒకటో రెండో కడ్డీలు తెమ్మని చెప్పేది. చిన్న కాగితం ముక్క మీద తనకి కావలసిన రంగుని ఎలాగో దగ్గరగా పులిమి ఇచ్చేది. నేను బీయెడ్ చదివేటప్పుడు హైదరాబాదు నుంచి ఒక కడ్డీ ఎంతో వెతికి తెచ్చేను. దాన్ని పెరట్లోకి తీసుకెళ్ళి, అరటాకు పక్కన పెట్టి, ఒక కన్ను మూసి చూసింది. "బావుందే. కానీ ఇది ఎక్కడో చలిదేశంలో గడ్డి. మన ఎండ చూసిన పచ్చ కాదు," అంది. అన్నదే గానీ పారెయ్యలేదు. "ఎప్పుడో ఒకప్పుడు పొగమంచులో పనికొస్తుందిలే," అని ట్రేలో పెట్టింది. పుష్యమాసంలో నిజంగానే పనికొచ్చింది.

రంగులన్నీ వడ్రంగి చేత చేయించిన లోతులేని చెక్క ట్రేల్లో, బియ్యపు నూకలో ఉండేవి. వాడగా వాడగా ఒకదాని పొడి ఇంకోదానికి అంటి కడ్డీలన్నీ ఒకేలా మసిబారిపోతాయి. నూకలో వేసి అటూ ఇటూ ఊపితే మసి వదిలి అసలు రంగు బయటపడుతుంది. మావయ్యగారికి ఇది చూస్తే నవ్వొచ్చేది. "కోళ్ళకెయ్యాల్సిన నూకండీ, సుద్దముక్కలు తింటున్నాయి," అని ఇంటికొచ్చినవాళ్ళకి చూపించేవారు. ఆయనకి తెలిసినవి కొబ్బరి, వరి, ఏటి నీళ్ళు. అత్తయ్య రంగులు ఆయనకి ఎప్పుడూ సుద్దముక్కలే.

ఒక్కో కడ్డీకీ తనే పేరు పెట్టుకుంది. ట్రే అంచున చిన్న చీటీ మీద రాసి అంటించేది. బోండాం పచ్చ. ఆకుమడి పచ్చ. కాలవ వదిలిన రోజు. అరటిదొప్ప లోపల. వాన రాబోయే కొబ్బరి. ఆ చివరిది కొంచెం నీలం కలిసిన ముదురు పచ్చ. దానికోసం ఎన్నేళ్ళు వెతికిందో నాకు తెలుసు. దొరికిన రోజున పాయసం చేసింది.

నేను బొమ్మలు వెయ్యడం నేర్చుకోలేదు, నాకా చెయ్యి లేదు. కానీ చూడ్డం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఒకసారి కొబ్బరిచెట్టు గీసి ఆకుపచ్చ తియ్యబోతే చెయ్యి పట్టుకుంది. "చెట్టు పచ్చగా ఉందని నీకెవరు చెప్పేరు? ముందు చూడు." చూస్తే ఆ సాయంకాలపు వెలుగులో ఆకులు ఇంచుమించు ఇటుకరంగులో ఉన్నాయి. ఇవాళ్టికీ క్లాసులో పిల్లలు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెబితే నా నోట్లోంచి వచ్చేది ఆ మాటే.

ఇంక వరద సంగతి చెప్పాలి. అత్తయ్య గురించి రాస్తూ అది రాయకపోతే ఏమీ రాయనట్టే.

కొన్నేళ్ళ కిందట, శ్రావణంలో. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేరని టీవీలో చూసి, వాళ్ళిద్దరినీ మా ఇంటికి తీసుకొచ్చేద్దామని వెళ్ళేను. మావయ్యగారు కదల్లేదు. "ఏటా వచ్చేదే కదమ్మా. తోటలోకి వస్తుంది, గడప తడిపి వెళ్ళిపోతుంది. ఆయ్, రేపు చూద్దాం," అన్నారు. గేదెల్ని మాత్రం ముందే గట్టు మీదకి తోలించేరు.

తెల్లారి లేచేసరికి తోట అడుగున నేల లేదు. నీళ్ళు చప్పుడు చెయ్యకుండా వచ్చేసేయి. కొబ్బరిచెట్ల మధ్య ఎర్రగా, చిక్కగా, అసలు కదులుతున్నట్టే లేవు. కానీ ఎండిన కొబ్బరిమట్ట ఒకటి వాటి మీద చూస్తూండగానే అవతలికి కొట్టుకుపోయింది. అత్తయ్య వరండాలో నిలబడి గేటు స్తంభాన్నే చూస్తోంది. నేను కాఫీ పెట్టి వచ్చేసరికి స్తంభం మీద తెల్ల సున్నపు గీత కనపడ్డం మానేసింది. రెండో హెచ్చరిక వచ్చిందని పక్కింటివాళ్ళు కేకేసి చెప్పేరు. గట్టుకి వెళ్ళే దారి అప్పటికే మునిగిపోయింది.

మధ్యాహ్నానికి నీళ్ళు గదుల్లోకి వచ్చేయి. బియ్యం బస్తా, పరుపులు, కాగితాలు పైకెత్తుతున్నాం. అత్తయ్య మాత్రం తను బొమ్మలు వేసుకునే గదిలోనే ఉంది. ట్రేలు ఒకదాని మీద ఒకటి బల్ల మీద పేర్చి, బల్ల కాళ్ళ కింద ఇటుకలు పెడుతోంది. ఇటుకలు పెట్టిన కొద్దీ నీళ్ళూ పెరుగుతున్నాయి.

పడవ వచ్చింది. వాకిట్లో మెట్ల దాకా వచ్చి ఆగింది. చంటిపిల్లల తల్లులు, ముసలివాళ్ళు అప్పటికే కిక్కిరిసి ఉన్నారు. అత్తయ్య మోకాళ్ళ పైదాకా నీళ్ళలో, రెండు చేతులా ట్రేలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. పడవ నడిపేవాడు చూసి తలూపేడు.

"అమ్మగారూ, సామాన్లు ఒద్దండీ. మనుషులకే చోటు లేదు."

"ఇవి సామాన్లు కాదు నాయనా."

"మీరు ఎక్కండమ్మా. అవతల ఇంకా ఇళ్ళున్నాయండీ, తొందరగా రండి."

"అయితే మీరు వెళ్ళండి. నేను రాను," అంది. గొంతు హెచ్చలేదు. తను ఏం అంటోందో తనకి తెలిసే అంటోందని నాకు అర్థమైంది.

"అత్తయ్యా, పద. మళ్ళీ కొనుక్కుందాం."

"ఎక్కడ కొంటావే?" అంది నాకేసి తిరిగి. అందులో సగం ఇప్పుడు ఎక్కడా తయారవడం లేదు.

అప్పుడు మావయ్యగారు నీళ్ళు తోసుకుంటూ వచ్చి ఆవిడ చేతుల్లోంచి ట్రేలు తీసుకున్నారు. "నువ్వెక్కు. నేను ఇవన్నీ అటక మీద పెట్టి, తర్వాత ట్రిప్పులో వచ్చేస్తాను. ఇల్లు మునిగినా అటక మునగదు. నా మాట విను." అత్తయ్య ఆయన మొహంలోకి చూసింది. ఆయన మళ్ళీ, "నాకు వదిలెయ్యి," అన్నారు. అప్పుడు ఎక్కింది. నేను వెనకాలే ఎక్కేను. పడవ తిరుగుతూంటే, ఆయన ట్రేలు నెత్తిన పెట్టుకుని లోపలికి వెళ్ళడం కనపడింది.

గట్టు మీద దిగి, పడవ మళ్ళీ వెనక్కి వెళ్ళడం కోసం చూస్తున్నాం. వెళ్ళలేదు. కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క ఇంజను రెక్కకి చుట్టుకుపోయింది. అది కోసి తీస్తూండగానే ఏటి వడి పెరిగింది. ఇంకో పడవ అవతలి లంకకి వెళ్ళిందన్నారు. వస్తోందన్నారు. రాలేదు. వీఆర్వోగారు ఫోన్లో ఎవరితోనో అరుస్తున్నారు. మావయ్యగారి ఫోను మోగి మోగి, తర్వాత మోగడం మానేసింది.

అత్తయ్య గట్టు అంచున అటూ ఇటూ నడుస్తోంది. అక్కణ్ణుంచి ఇంటి కప్పు కొబ్బరాకుల మధ్య కొంచెమే కనిపిస్తుంది. వాన పడుతోంది, గొడుగు పడితే తోసేసింది. మూడో హెచ్చరిక కూడా ఇచ్చేశారని మైకులో చెబుతున్నారు. అంతలో ఏటివైపు నుంచి చప్పుడైంది. పెద్ద చప్పుడేం కాదు, తడిసిన గోడ కూలితే వచ్చే దబ్బుమన్న చప్పుడు. తర్వాత పెంకులు జారుతున్న శబ్దం. గట్టు మీద అందరూ అటు తిరిగేరు.

"ఎవరిదో పెంకుటిల్లు పడిపోయిందండీ," అన్నాడు ఎవడో.

లంకలో పెంకుటిళ్ళు చాలా ఉన్నాయి. కానీ అత్తయ్య బురదలో అలాగే చతికిలబడింది. "నేనే ఆయన్ని అటకెక్కించేను," అంది. ఆ ఒక్క మాటే అంది. కొంచెం సేపటికి లేచి పడవవాడి దగ్గరకి వెళ్ళి చేతులు పట్టుకుంది. "రంగులొద్దు నాయనా. పోతే పోనీ. మనిషిని తీసుకురా." వాడు ఇంకా కత్తితో డెక్క కోస్తూనే ఉన్నాడు. వాడి చేతుల్లోంచి రక్తం కారుతోంది. "వెళ్తానండీ. ఆయ్, ఇదిగో అయిపోయిందండీ," అంటున్నాడు.

వెలుగు తగ్గిపోతూండగా తోటలోంచి అరటిబోదెల తెప్ప ఒకటి బయటికొచ్చింది. దాని మీద ఇద్దరు. ముందు గడ వేస్తున్నది పక్కింటాయన. వెనక కూర్చున్నది మావయ్యగారు. వడి వాళ్ళని దిగువకి లాగేస్తోంది. గట్టు మీద మగవాళ్ళు తాడు విసిరేరు. అందలేదు. మళ్ళీ విసిరేరు. మూడోసారి పక్కింటాయన పట్టుకున్నాడు. లాగుతూంటే తెప్ప ఒక పక్కకి ఒరిగింది. మావయ్యగారు ఒక చేత్తో బోదెని పట్టుకుని ఉన్నారు. రెండో చెయ్యి నెత్తి మీద ఉంది. నెత్తి మీద ఒక ట్రే, దాని మీద కప్పిన తువ్వాలు.

ఒడ్డుకొచ్చేక ఆయన నిలబడలేకపోయేరు. అన్నీ అటక మీదకి ఎక్కించేరట. ఆఖరి ట్రే అందుకుంటూండగా వెనక గోడ ఏటివైపుకి వాలిపోయింది. అటక, ట్రేలు, పెంకులు అన్నీ నీళ్ళలోకి వచ్చేశాయి. పక్కింటాయన లాక్కుపోకపోతే తనూ దాని కిందే ఉండేవారు. "ఇదొక్కటే చేతిలో ఉండిపోయింది. ఏవుందో అందులో," అని ట్రే చాచేరు.

అత్తయ్య ట్రేకేసి చూడలేదు. ఆయన కాలికేసి చూసింది. పెంకు గీసుకుని పాదం చీరుకుపోయింది. కొంగు చింపి కట్టు కడుతూ, "ఎక్కడెక్కడ తగిలింది? ఇంకెక్కడ?" అని అడుగుతూనే ఉంది. ట్రే నేను తీసుకున్నాను. తువ్వాలు తీసి చూస్తే అందులో ఉన్నవి బూడిదరంగులు, గోధుమరంగులు. ఆవిడ అంతగా ముట్టుకోనివి. ఆకుపచ్చ ఒక్కటీ లేదు. ఆ సంగతి ఆవిడకి తర్వాత ఎప్పుడు తెలిసిందో గానీ, మావయ్యగారి ముందు ఆవిడ ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు.

స్కూల్లో పెట్టిన పునరావాస కేంద్రంలో వాళ్ళతో నేనూ ఉన్నాను. అత్తయ్య అందరికీ అన్నం వడ్డించేది, పిల్లలకి జడలు వేసేది. రంగుల ఊసే లేదు. ఒకసారి మావయ్యగారే అన్నారు, "రెండు ట్రేలు ముందే తెప్ప మీద పెట్టుంటే బావుండేది." అత్తయ్య ఆయన పళ్ళెంలో ఇంకొంచెం పప్పు వేసి, "తినండి," అంది.

నీళ్ళు తీసేక ఇంటికి వెళ్ళేం. ఎక్కడ చూసినా మోకాలి లోతు ఒండ్రు. కూలిన గోడ కింద పెంకులు తీస్తూంటే ఒక ట్రే తిరగబడి దొరికింది. ఎత్తితే కడ్డీల్లేవు. పచ్చ, నీలం, పసుపు ఒకదాంట్లో ఒకటి కరిగి, ఉబ్బిపోయి పులిసిన నూకతో ముద్దయిపోయి ఉన్నాయి. చీటీల మీద అక్షరాలు చెదిరిపోయేయి. నేను అటు తిరిగి నిలబడ్డాను, ఆవిడ మొహం చూడలేక.

కాసేపయ్యేక వెనకనుంచి పిలిచింది. "ఇలా రా. వేలు చాపు." నా వేలి మీద ఆ ముద్ద కొంచెం రాసింది. ఆకుపచ్చే. కానీ లోపల ఏదో మట్టివెచ్చదనం ఉంది. ఏటి ఒండ్రు కలిసింది. "ఇది ఏ కొట్లోనూ లేదే," అంది మెల్లిగా. అంత సంబరంగా ఏం అనలేదు. భయంభయంగా అంది, చేతిలో ఉన్నది మళ్ళీ పోతుందేమో అన్నట్టు.

ఇంకా వెతికితే మరికొన్ని ట్రేలు దొరికేయి. వాటిల్లోంచి ముద్దలు వేరు వేరు గిన్నెల్లోకి తీసింది. పాత పంచె గుడ్డలో వడగట్టి నూక తీసేసింది. రంగు అడుగున పేరుకున్నాక పైన నీళ్ళు వంచేసి, తుమ్మబంక నీళ్ళు కలిపి కడ్డీలు చెయ్యబోయింది. మొదటిసారి బంక ఎక్కువైంది. కడ్డీలు రాయిలా ఎండి కాగితాన్ని గీరేయి. రెండోసారి తక్కువైంది. పట్టుకుంటే పొడైపోయేయి. ప్రతిసారీ కొంత రంగు పోతోంది. ఉన్నదే కొంచెం. గిన్నెలో ముద్ద తరుగుతున్న కొద్దీ ఆవిడకి చెయ్యి రావడం లేదు. గిన్నెల మీద మూతలు పెట్టేసి, "ఇంక ఒద్దులే," అని పక్కకి జరిపేసింది.

మళ్ళీ మూత తీసింది మావయ్యగారు. ఇల్లు మళ్ళీ కట్టుకున్నాక ఒకరోజు నేను వెళ్ళేసరికి ఇద్దరూ కొత్త అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆవిడ బంకనీళ్ళు చుక్కలు చుక్కలుగా వేస్తోంది. ఆయన అరచేతుల మధ్య ముద్దని పామి కడ్డీ చేస్తున్నారు.

"అంత ఒత్తకండి."

"ఒత్తడం లేదే."

"పగుల్తుంది. ఎండలో పెట్టకండి, నీడలో ఆరనివ్వండి. తొందరేం లేదు."

"నాకు తొందరని ఎవరన్నారు?"

ఆరేక అత్తయ్య ఒక కడ్డీ తీసి కాగితం మీద గీసింది. మేమిద్దరం దగ్గరకి జరిగేం. మెత్తగా, మీగడలా అంటుకుంది. ఆవిడ చాలాసేపు ఆ గీతకేసే చూసింది. మావయ్యగారు ఉండబట్టలేక, "ఏవంటుంది?" అనడిగేరు. "మాట్లాడకండి," అని ఇంకో గీత గీసింది.

తర్వాత వేసిన బొమ్మలన్నీ ఆ రంగులతోనే. అంతకుముందు బొమ్మల్లో ఆకులు నవనవలాడేవి. వీటిల్లో చెట్లు నీళ్ళు చూసినట్టు ఉంటాయి. నేను ఇది చెబితే ఒప్పుకోలేదు. "చెట్లు అవే. నేనే ఇప్పుడు సరిగ్గా చూస్తున్నాను," అంది. రంగు అయిపోతూంటే ఏటి ఒండ్రు తెచ్చి, కొత్తగా కొన్న రంగుపొడి కలిపి, మళ్ళీ చేసుకునేవారు. వరదొచ్చి తీసేక ఒడ్డున మెత్తటి ఒండ్రు ఎక్కడ పేరుకుంటుందో మావయ్యగారికే తెలుసు. ఆయనే బక్కెట్టు తీసుకెళ్ళేవారు. సుద్దముక్కలనడం మాత్రం మానలేదు.

ఆ రోజు నేను బస్సు దిగి ఇంటికి చేరేసరికి వాకిలి నిండా మనుషులు. అత్తయ్యని హాల్లో పడుకోబెట్టేరు. దణ్ణం పెట్టుకుని, అక్కడ ఉండలేక పెరటివైపు వెళ్ళేను. పెరటి వసారాలో న్యూస్‌పేపరు పరిచి ఉంది. దాని మీద కొత్తగా చేసిన కడ్డీలు, వరసగా. ముందురోజు సాయంకాలం చేసినవట. ఇంకా తడి ఆరలేదు. వరి ఆకుమడిలో మొదటి మొలక రంగు, అంత లేతవి. నీళ్ళు తెచ్చేవాళ్ళు, పూలు తెచ్చేవాళ్ళు, కుర్చీలు మోసేవాళ్ళు ఆ దారినే వస్తూ పోతూ ఉన్నారు. ఎవరూ ఏమీ చెప్పకుండానే, అందరూ ఆ కాగితం చుట్టూ తిరిగి వెళ్తున్నారు.

మావయ్యగారు లోపల్నుంచి వచ్చేరు. ఎవరో ఏదో అడిగితే తలూపేరు. గోడ పట్టుకుని నెమ్మదిగా కింద కూర్చున్నారు. తర్వాత రెండు వేళ్ళతో, ఒత్తకుండా, ఒక్కో కడ్డీనీ రెండో వైపుకి తిప్పడం మొదలుపెట్టేరు.